గీత తప్పిన నక్షత్రాలు

బెంగళూరు,
24 జనవరి 2010

ఫుప్పూ, అస్సలాము అలైకుం.

ఉత్తరమే రాయాలని పట్టుబట్టావు కాబట్టి రాస్తున్నాను. హాస్టల్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. చేతిలో సెల్‌ఫోన్ ఉంచుకుని పోస్టాఫీసుకు పరిగెత్తే మనిషిని వాళ్లు ఎప్పుడూ చూడలేదట. "మా మేనత్త మేడ్చల్‌లో తెలుగు టీచరుగా రిటైరయింది, ఫోన్లో అయితే తప్పులు దిద్దలేదు కదా" అని చెప్పాను. అసలు కారణం వేరే. మన ఇంట్లో ఫోను మోగితే అబ్బాతో సహా అందరి చెవులూ దాని దగ్గరే ఉంటాయి.

మొన్నటి సూర్యగ్రహణం చూశావా? ఇక్కడ సూర్యుడు నెలవంకంత మిగిలాడు. పక్కగది అమ్మాయి నన్ను పట్టుకుని "నువ్వు ఖగోళశాస్త్రం కదా, గర్భవతులు బయటికి పోవచ్చా" అని అడిగింది. నా చదువు ఎందుకు పనికొస్తుందో ఇప్పుడు తెలిసింది!

ఇంట్లో ఎవరైనా నా పని గురించి అడిగితే ఏం చెప్పాలని అడిగావు. ఇలా చెప్పు. ఆకాశంలో అక్కడక్కడా లక్షల నక్షత్రాలు ఒకచోట ముద్దగా ఉంటాయి. గోళాకార గుచ్ఛాలంటారు. నీ పందిరి కింద నిలబడి తల ఎత్తితే కనిపించే అనాబ్ ద్రాక్ష గుత్తి లాగే, అంచుల్లో పలచగా, నడుమ ఇరుకుగా ఉంటాయి. వయసు పన్నెండు వందల కోట్ల ఏళ్లు. ఒకే మేఘంలోంచి అన్నీ ఒకేసారి పుట్టాయని చాలాకాలం అందరూ నమ్మారు. ఈమధ్య కొన్ని పెద్ద గుచ్ఛాల్లో రెండు మూడు తరాలు ఉన్నట్టు బయటపడింది. కానీ హైదరాబాద్‌లో ఉన్న మా గైడు సిద్దయ్య సార్ నాకు ఇచ్చిన గుచ్ఛం చిన్నది, బుద్ధిమంతురాలు. అది మాత్రం ఒకే కాన్పు అని సార్ ముప్పై ఏళ్ల కింద రాశారు. ఆ రాతతోనే ఆయనకు పేరు వచ్చింది. దాని వయసు ఖచ్చితంగా తేల్చడం నా పని. తేలిస్తే డాక్టరేట్.

అబ్బాకు సలాం చెప్పు.

నీ నజ్‌నీన్

*

శామీర్‌పేట,
28 మార్చి 2010

బేటా నజ్‌నీన్,

వాలేకుం సలాం. గుచ్ఛం అని సరిగ్గా రాశావు. కచ్చితానికి ఒత్తు లేదు, ఎన్నిసార్లు చెప్పాలి?

నీ ఉత్తరం పందిరి కింద తారాబాయికి చదివి వినిపించాను. మన తోటలో కత్తెర పట్టేవాళ్లందరికీ ఆమే పెద్ద కదా. "లచ్చల సుక్కలా? గన్ని కత్తిరించాల్నంటె ఎందరు ఆడోళ్లు గావాలె?" అన్నది. కత్తిరించరు, చూస్తారంతే అని చెప్పాను. "సూసుడుకు జీతమిస్తరా?" అని నోరు తెరిచింది.

కోత నడుస్తోంది. జనవరిలో ప్రతి గుత్తిలోనూ ఎదగని కాయల్ని ఏరి తీసేశాం కాబట్టి ఇప్పుడు గుత్తి గుత్తీ అచ్చులో పోసినట్టు ఉంది. మన చుట్టూ పందిళ్లన్నీ పోయి ప్లాట్ల రాళ్లు లేచాయి. మన తోట ఎప్పుడు అమ్ముతావని రోజుకొకరు వచ్చి అడుగుతున్నారు. నేను పోయాక వచ్చి అడగమన్నాను.

ఒక చెడ్డ వార్త. మార్కెట్ నుంచి మన పెట్టె ఒకటి వాపసు వచ్చింది. పైన మంచి గుత్తులు, అడుగున ఏరేసినవి. ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోరు. మీ అబ్బా ఆ పెట్టె కొన్న సేటు దగ్గరికి బయలుదేరాడు కానీ నేనే ఆపాను. పెట్టె నింపినవాళ్లు కాదు, ఇంటి పెద్దవాళ్లు పోవాలి. మీ దాదా కాలం నుంచీ మన రివాజు అదే. కొత్త పెట్టె పట్టుకుని నేనే సేటు ఇంటికి పోయి మాఫీ అడిగాను. ఆయన టీ తాగించి పంపాడు. ఆ పెట్టె మాట మళ్లీ ఎవరూ ఎత్తరు.

మీ సిద్దయ్య సార్‌ను జాగ్రత్తగా చూసుకో. పల్లెలోంచి పైకొచ్చి ప్రొఫెసరైన మనిషి. నిన్ను చదివించాలా వద్దా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడిన రోజు నేను ఆయన పేరు చెప్పే గెలిచాను.

మీ ఫుప్పు,
షహజాది బేగం

*

బెంగళూరు,
20 ఆగస్టు 2010

ఫుప్పూ, రంజాన్ ముబారక్.

ఇక్కడ తెల్లవారక ముందు సహరీకి నిన్నటి చపాతీ, ఇవాళ్టి కోపం. కోపం ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ప్రతి నక్షత్రాన్నీ దాని రంగును బట్టి, వెలుగును బట్టి కాగితం మీద ఒక చుక్కగా పెడతాం. అన్నీ ఒకే కాన్పు అయితే చుక్కలు ఒక సన్నటి గీత మీద బుద్ధిగా వరసకట్టాలి. గీతకు దూరంగా పడినవాటిని తీసేస్తాం. అది దొంగతనం కాదు, అందరూ చేసేదే. ఆ రద్దీలో రెండు నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా కనిపించవచ్చు. లేదా గుచ్ఛానికి సంబంధం లేని నక్షత్రం దారిలో అడ్డం రావచ్చు. కంప్యూటర్ తనంతట తనే కత్తిరించి పక్కన పడేస్తుంది.

మొన్న ఊరికే, ఆ పడేసినవాటిని మాత్రమే ఒక కాగితం మీద పెట్టి చూశాను. పొరపాట్లయితే చెల్లాచెదురుగా పడాలి కదా? పడలేదు ఫుప్పూ. అవన్నీ కలిసి ఇంకో గీత గీశాయి, మొదటి గీత పక్కనే! వాటి వెలుగును విడదీసి చూస్తే వాటిలో సోడియం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. మొదట పుట్టిన నక్షత్రాల్లో కొన్ని తమ కడుపులో వండి బయటికి వదిలిన వాయువు కలిస్తేనే అలా ఉంటుంది. అంటే ఇవి తర్వాతి తరం. బుద్ధిమంతురాలనుకున్న ఈ గుచ్ఛంలోనూ రెండు కాన్పులున్నాయి.

తప్పుడివని తీసేసినవాటిని మళ్లీ లోపల పెట్టాను. సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. "గవి పొరపాట్లమ్మా. ముప్పై ఏండ్ల సంది నేను చూస్తున్న గుచ్ఛం అది. అన్ని తీసేసి జల్దీ పూర్తి చెయ్" అన్నారు.

తీసెయ్యను.

నజ్‌నీన్

*

శామీర్‌పేట,
10 అక్టోబర్ 2010

బేటా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సోడియం అంటే ఉప్పులో ఉండేదేనా? నక్షత్రాల్లో ఉప్పెక్కడిదని మీ అబ్బా పరేషాన్ అవుతున్నాడు. అది అలా ఉంచు.

తప్పుడివని తీసేసినవాటిని మళ్లీ లోపల పెట్టానని నీ చేత్తో నువ్వే రాశావు. ఎందుకమ్మా అలా? ఏరేసిన కాయ ఎంత ముద్దుగా ఉన్నా ఏరేసిందే. పెద్దాయన తీసెయ్యమంటే తీసెయ్యాలి. ఒక గుత్తి అంతా ఒక్కలా ఉంటేనే దాని విలువ. నువ్వేదో కొత్త లెక్క కనిపెట్టి పేరు తెచ్చుకోవాలని ఆత్రపడుతున్నావని నా అనుమానం. పేరు అలా రాదు.

గైడు సంతకం లేకపోతే డాక్టరేట్ లేదని నువ్వే చెప్పావు. ఇన్నేళ్లు నీ కోసం ఇంటినిండా అందరితో పోట్లాడినదాన్ని నేను. ఆఖరి మెట్టు మీద మొండికేస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

కోపంగా రాశాననుకోకు. కోపంగానే రాశాను.

మీ ఫుప్పు

*

బెంగళూరు,
16 జనవరి 2011

ఫుప్పూ,

నీకు అర్థం కాలేదు. తప్పు నాదే, బాగా చెప్పలేకపోయాను. మళ్లీ చెప్పే ఓపిక ఇవాళ లేదు.

ఆ నక్షత్రాల మీద పూర్తి అధ్యాయం రాసి సార్‌కు పోస్టులో పంపాను. నిన్న వాపసు వచ్చింది. పొట్లానికి కట్టిన తాడు కట్టినట్టే ఉంది. విప్పి కూడా చూడలేదు. పైన ఎర్ర సిరాతో ఒక్క మాట: "సవరించి పంపు."

సవరించను. దెబ్బలాడాలని కాదు. ఉన్న నక్షత్రాలు లేవని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. సంతకం పెట్టకపోతే పెట్టకపోనీ. ఇంటికి వచ్చి నీ పందిరి కింద కత్తెర పడతాను కానీ, ఆ గీత ఒక్కటేనని మాత్రం నా పేరు కింద రాయను.

నజ్‌నీన్

*

శామీర్‌పేట,
22 మార్చి 2011

బేటా నజ్‌నీన్,

ఇక నిశ్చింతగా నిద్రపో. నీ సంగతి చక్కబెట్టి వచ్చాను.

నీ కట్ట వాపసు వచ్చిందని రాసిన రోజు నుంచీ నాకు తిండి సహించలేదు. మన ఇంటి నుంచి పోయింది వాపసు వచ్చిందంటే పోవలసింది ఎవరు? నువ్వా? కాదు. మొన్న ఆదివారం మొదటి కోతలోంచి మంచి గుత్తులు ఏరి, ఒక పెట్టె కట్టించుకుని, ఆటోలో నాగారం పోయాను. సిద్దయ్య సార్ ఇల్లు వెతకడం కష్టం కాలేదు, కాలనీలో అందరికీ తెలుసు. మనిషి చాలా మర్యాదస్తుడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన నిలబడ్డాడు.

"సార్, మా పిల్ల చిన్నది. తెల్వక తప్పుడియి లోపట వెట్టింది. ఇంటి పెద్దగ నేను మాఫీ అడుగుతున్న. ఇగ మీరు చెప్పినట్టె ఇంటది" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "నాకు తెలుసమ్మా, మంచి ఇంటి పిల్ల. కోపం లేదు నాకు" అన్నాడు. వాళ్లావిడ పండ్లు కడిగి తెచ్చింది, అందరం తిన్నాం. మన అనాబ్ లాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదని ఒకటే మెచ్చుకోలు.

ఇంకేం కావాలి? నువ్వు ఒక్క ఫోను చేసి, సరే సార్ అంటే చాలు.

సంతోషంతో,
మీ ఫుప్పు

*

బెంగళూరు,
9 ఏప్రిల్ 2011

ఫుప్పూ,

ఎవరు అడగమన్నారు నిన్ను?

నిన్న సార్ ఫోన్ చేశారు. ఎంత ప్రేమగా మాట్లాడారో! "మీ ఇంటోళ్లే ఒప్పుకున్నరు గదమ్మా, ఇంకేంది?" అన్నారు. నేను నా లెక్క చెప్పబోతే, "మీ మేనత్త వచ్చి చెప్పింది, తప్పుడియి పెట్టినవని. నువ్వే చెప్పి పంపినవనుకున్న" అన్నారు. అక్కడి డిపార్ట్‌మెంటులో అందరికీ తెలిసిపోయింది. నజ్‌నీన్ తప్పు ఒప్పుకుందట, మేనత్తను పంపి క్షమాపణ అడిగిందట! ఇక్కడి వాళ్ల దాకా వచ్చేసింది మాట. నేను ఏ లెక్క చూపించినా, నువ్వే ఒప్పుకున్నావు కదా అంటున్నారు.

నేను ఏ పెట్టె అడుగునా చెడ్డ కాయలు పెట్టలేదు. ఏడాదిన్నర కళ్లు పోయేలా చూసి, ఉన్నదాన్ని ఉందన్నాను. దానికి నువ్వు నా తరఫున తలవంచి వచ్చావు. బయటివాళ్లు ఎవరైనా చేసి ఉంటే నాకు ఇంత బాధ లేదు.

కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకు. నేనూ రాయను.

నజ్‌నీన్

*

శామీర్‌పేట,
30 అక్టోబర్ 2011

నజ్‌నీన్,

రాయకు అన్నావు. రాస్తున్నాను. నువ్వు చెప్తే నేను ఊరుకుంటానా?

సకల జనుల సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్నాయి. ఈద్‌కు నువ్వు రాలేదు. సమ్మె వల్ల రాలేదని అందరికీ చెప్పాను. ఈద్ నాటికి సమ్మె మొదలే కాలేదని మీ అబ్బా గుర్తు చేశాడు. నోరు మూసుకోమన్నాను.

ఇన్ని నెలలూ నీ మీద కోపంతో ఉన్నాను. పెద్దదాన్ని అంత దూరం పోయి తలవంచితే నువ్వు నా మీదే అరిచావు. తర్వాత వానలు మొదలై పని లేక, నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్లీ చదివాను. ఆగస్టుది చదువుతుంటే ఒక చోట ఆగాను. పొరపాట్లయితే చెల్లాచెదురుగా పడాలి కదా అన్నావు. ఆ మాట అప్పుడు నా కంటికి కనిపించనే లేదు. నేను ఉప్పు దగ్గరే ఆగిపోయాను.

నేను మాఫీ అడుగుతానని చూడకు. పెద్దవాళ్లు పిల్లల్ని మాఫీ అడిగే రివాజు మనకు లేదు. ఒకటి మాత్రం చెయ్యి. మొత్తం మళ్లీ చెప్పు. బళ్లో ఆరో తరగతి మొద్దుపిల్లకు చెప్పినట్టు చెప్పు. అవి చెడ్డవి కావని నీకెలా తెలుసు? నాకు తెలియాలి.

షహజాది బేగం

*

బెంగళూరు,
5 ఫిబ్రవరి 2012

ఫుప్పూ,

నీ ఉత్తరం మూడు నెలలు బల్ల మీదే పెట్టుకున్నాను. జవాబు రాయడానికి మనసు ఒప్పలేదు. నిన్న ఇక్కడి కుర్రాళ్లకు పాఠం చెబుతుంటే, నీకు చెప్పకుండా వీళ్లకు ఎందుకు చెబుతున్నానా అనిపించింది. సరే, విను.

సార్ అభ్యంతరాలు రెండు. ఒకటి, రద్దీలో రెండు కలిసి ఒకటిగా కనిపించాయని. అలా అయితే అవన్నీ గుచ్ఛం నడుమ ఇరుకులోనే ఉండాలి. నా నక్షత్రాలు అంచుల్లో, ఖాళీ చోట కూడా ఉన్నాయి. రెండు, అవి దారిన పోయేవని, గుచ్ఛానికి సంబంధం లేనివని. ఇది పట్టుకోవడం సులువు. గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ కలిసి ఒకే వేగంతో ప్రయాణం చేస్తాయి, ఒకే బస్సులో ఉన్నవాళ్లలా. దారిన పోయేదాని వేగం వేరుగా ఉంటుంది. నేను ఒక్కొక్కదాని వేగం కొలిచాను. అన్నీ గుచ్ఛం వేగమే. దారిన పోయేవి కావు ఫుప్పూ, ఇంటివే. రెండు తరాల మధ్య కొన్ని కోట్ల ఏళ్లే తేడా అయి ఉండవచ్చు, వాటి వయసు ముందు అది ఏపాటిది? అందుకే ఇన్నాళ్లూ ఒకే కాన్పు అనిపించింది.

ఈ వేగాల పట్టిక ఆ అధ్యాయంలోనే ఉంది. సార్ తాడు విప్పలేదు.

మొదటి తరం వదిలినదాన్ని ఎలా కలుపుకున్నాయో, ఎంత కలుపుకున్నాయో నాకు తెలియదు. ప్రపంచంలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియదని కూడా రాశాను.

మేలో నా గడువు అయిపోతుంది. ఆ లోపల సార్ సంతకం పెడితే థీసిస్ పోతుంది, లేకపోతే ఇంతే. తీసేసి రాస్తే రేపే పెడతారట. రాయనని ఉత్తరంలో, ఫోన్లో, ఈమెయిల్లో చెప్పాను. "మీ ఇంటోళ్లు ఒప్పుకున్నరు" అన్న మాట ఇప్పటికీ వదలడం లేదు.

ఇప్పుడైనా అర్థమైందా?

నీ నజ్‌నీన్

*

శామీర్‌పేట,
14 ఏప్రిల్ 2012

బేటా నజ్‌నీన్,

అర్థమైంది. బాగా చెప్పావు. నా దగ్గర చదువుకున్నదానివి కాబట్టి చెప్పగలిగావు.

కోత ముగిసేదాకా ఆగి, నిన్న మళ్లీ నాగారం పోయాను. వద్దంటావని ముందు చెప్పలేదు. తలుపు తీసిన సార్ వాళ్లావిడ నా చేతుల వైపు చూసింది. "పండ్లు తేలేదమ్మా, పని మీదొచ్చిన" అన్నాను.

సార్ "రాండ్రి అమ్మా, కూసోండ్రి" అన్నాడు. కూర్చోలేదు. "సార్, పోయినేడు ఈడ కూసొని మాఫీ అడిగిన. గది వాపస్ తీస్కుంటున్న" అన్నాను.

"మాఫీ వాపస్ తీస్కునుడేందమ్మా? యాడన్న ఉన్నదా?"

"లేదు సార్. నేను గూడ ఇదే మొదలు. మా ఇంటి నుంచి చెడ్డ మాల్ వొచ్చిందనుకొని అడిగిన. చెడ్డది గాదు. అడిగింది ఇంటి పెద్ద, వాపస్ తీస్కునేది గూడ ఇంటి పెద్దనే. మా ఇంటోళ్లు ఒప్పుకున్నరని ఇగ మీరు ఎవ్వరికీ చెప్పొద్దు. మేము ఒప్పుకుంటలేం."

"మీకు ఖగోళశాస్త్రం తెలుసా అమ్మా?" అన్నాడు. వెటకారంగా కాదు, విసుగ్గా.

"తెల్వదు. మా పిల్లకు తెలుసు. అవి దారిన పోయేటియి గావంట, ఇంటియేనంట. ఒక్కొక్కదాని వేగం చూసిందంట."

ఆ మాటకు ఆయన తల ఎత్తాడు. "వేగాలు చూసిందా? నాకెందుకు పంపలే?"

"పంపింది సార్. మీరు తాడు ఇప్పకుండ వాపసిచ్చిన్రు."

ఆయన వాళ్లావిడ వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది. ఆయన ముసలివాడయ్యాడు నజ్‌నీన్, పోయినేడు అంత గమనించలేదు. ఒక్క క్షణం జాలేసింది. జాలేసినా అక్కడి నుంచి కదల్లేదు.

చివరికి, "నేను ఒప్పుకోను. ఆ గుచ్ఛం ఒక్కటే కాన్పు. ముప్పై ఏండ్లు చూసిన" అన్నాడు. మళ్లీ ఆయనే, "కాని, రాసింది రాసినట్టె పంపమనుండ్రి. వేగాలు గూడ పెట్టి. సంతకం పెడ్త. నేను ఒప్పుకుంటలేనని గూడ కింద రాస్త. వైవాల అందరికన్న ముందుగాల నేనే అడుగుత, చెప్తున్న."

"రాయుండ్రి సార్. గట్టిగ అడుగుండ్రి. మా పిల్ల జవాబు చెప్తది" అన్నాను.

నీ తరఫున నేను ఇచ్చి వచ్చిన మాట అదొక్కటే. ఆయన మామూలుగా అడగడు, ముప్పై ఏళ్ల కోపంతో అడుగుతాడు. కూర్చుని జవాబు తయారు చేసుకో.

ఇకపై నీ కోసం ఎవరి ముందూ తలవంచని,
మీ ఫుప్పు
షహజాది బేగం